కూమ్ కుర్చీ కేసు

మా వాల్యెవో పట్టణంలో ఘోరమైన నేరాలు జరగకపోవడానికి కారణం నేనేనని నా నమ్మకం. వుకాషిన్ అనే నా పేరు వినగానే నేరస్థులు బెదిరిపోయి, పక్క ఊళ్ళకు వెళ్ళి తమ పని చూసుకుంటున్నారు. డేగ చూపు, పాదరసం లాంటి బుర్ర, పిల్లి అడుగులు, ఇవి నా ఆస్తి. మా ఆవిడ దోబ్రిలాను అడిగితే వేరే కథ చెబుతుంది. పక్కింటి కోళ్ళ దొంగను పట్టుకుంటానని నేను మా పెరట్లో గింజలు చల్లి మాటు వేసి కునుకు తీశానట. లేచేసరికి పక్కింటి కోళ్ళన్నీ మా పెరట్లో ఉన్నాయట. వీధి వాళ్ళు వచ్చి దొంగను పట్టుకున్నారట. ఆ దొంగ నేనేనట. ఆడవాళ్ళు చిన్న విషయాలు బాగా గుర్తుపెట్టుకుంటారు.

నా జీవితంలోకెల్లా పెద్ద కేసు రెండు చవక టీవీలతో మొదలైంది.

వేసవి చివర్లో మా పాత టీవీ కన్ను మూసింది. మాతోనే ఉండే మా అత్తగారు మిలుంకా ఇదే అదనుగా తన కోరిక బయటపెట్టింది.

"అల్లుడూ, వంటింట్లో నాకొకటి కావాలి. సీరియల్ చూద్దామని హాల్లోకి వస్తే పులుసు మాడుతుంది, పులుసు చూద్దామని పోతే సీరియల్లో పెళ్ళయిపోతుంది."

దుకాణంలో ఆవిడ టీవీని ఎంచిన తీరు చూసి జనం పోగయ్యారు. ఒక చిన్న టీవీ ముందు ఊహల్లో వంటిల్లు కట్టుకుంది. ఇక్కడ పొయ్యి అని ఒక మూల నిలబడి చూసింది. ఇక్కడ సింకు అని ఇంకో మూలకు నడిచి వెనక్కి తల తిప్పి చూసింది. పిండి పిసుకుతున్నట్టు వంగి, చంక కింద నుంచి కూడా చూసింది. కిటికీ వెలుతురు పడే చోట నిలబడి మరీ చూసింది.

"ఎటు నుంచి చూసినా ఇందులో అమ్మాయి అమ్మాయిలాగే ఉంది. ఇదివ్వు," అంది అమ్మేవాడితో.

హాలుకు టీవీ ఎంచుకోవడం నా వంతు. నేను స్టూలు మీద దర్జాగా కూర్చుని, సూటిగా ఎదురుగా ఉన్న పెద్ద టీవీని చూశాను. నలుపంటే నలుపే, గడ్డి అంటే పచ్చటి గడ్డే. ధర కూడా మా అత్తగారి దానికంటే పెద్ద ఎక్కువ కాదు. సాయంత్రం తెరలు దించి ఫుట్‌బాల్ చూడటానికి ఇంతకంటే ఏం కావాలి.

"నువ్వూ కాస్త లేచి అటూ ఇటూ నడిచి చూడు," అంది అత్తగారు.

"అత్తమ్మా, ఫుట్‌బాల్‌లో పరుగెత్తాల్సింది వాళ్ళు, నేను కాదు," అన్నాను. అమ్మేవాడు నవ్వాడు. నా తెలివికి మెచ్చి నవ్వాడనుకున్నాను.

కొత్త టీవీ వచ్చిన తర్వాతే మా కూమ్ తిహొమిర్ తీరు మారింది.

కూమ్ అంటే నా పెళ్ళిలో నా పక్కన సాక్షిగా నిలబడ్డవాడు, నా కూతురికి జ్ఞానస్నానం వేళ ఎత్తుకున్నవాడు. పైన దేవుడు, కింద కూమ్ అని మా పెద్దలు అన్నారు. సొంత తమ్ముడు అలిగితే సారా పోసి బతిమాలుకోవచ్చు. కూమ్ అలిగితే ఆ ఇంటికి మంచిది కాదు. అందుకే మా హాల్లో తూర్పు గోడకు పునీత నికోలా పటం, దాని ముందు దీపం, సరిగ్గా దాని కింద కూమ్ కుర్చీ. ఇంట్లో గౌరవమైన చోటు అదే. ఆ కుర్చీలో తిహొమిర్ తప్ప ఎవరూ కూర్చోరు. ఒకసారి పిల్లి కూర్చుంటే దోబ్రిలా దానికి కూడా చెప్పి చూసింది.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక తిహొమిర్ మా ఇంట్లోనే భోంచేసి, ఆ కుర్చీలో కూర్చుని నాతో ఆట చూడటం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఇప్పుడేమో ఆట మొదలైన కాసేపటికే కళ్ళు నులుముకుంటాడు. తెర వైపు కాక నేల వైపు చూస్తాడు. "కాస్త గాలి పీల్చుకుని వస్తా కూమ్," అని లేచి బయటికి వెళ్తాడు. ఆట అయిపోయేదాకా రాడు.

అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటి ఉంది. మా కూతురికి ఆడపిల్ల పుట్టింది. ఆ పసిదాన్ని ఎత్తుకుని జ్ఞానస్నానం చేయించాల్సింది తిహొమిరే. ఏ రోజో చెప్పమంటే, "చూద్దాంలే," అంటున్నాడు. కూమ్ నోట అలాంటి మాట వస్తే, అది వద్దనడానికి మర్యాద ముసుగు.

"అలిగాడు," అంది దోబ్రిలా దిగులుగా. "నువ్వేమన్నావో గుర్తు తెచ్చుకో."

"నేనేమీ అనలేదు. ఇందులో మూడో చెయ్యి ఉంది," అన్నాను గొంతు తగ్గించి. "చీకటి చెయ్యి."

"ముందు ఆ చేతికి ఉన్న కూర మరక కడుక్కో. తువ్వాలంతా అయింది."

ఆ రాత్రి పటం ముందు నిలబడి ప్రార్థించాను. తండ్రీ, నా పిల్లల్ని చూసుకుంటున్నావు, పంటల్ని చూసుకుంటున్నావు, మా కూమ్ మనసులో ఏముందో ఒక్క మాట చెప్పకూడదా? ఆయన ఏమీ అనలేదు. అడగడం మన పని, చెప్పడం ఆయన ఇష్టం. కానీ మా చర్చి ఫాదర్‌ను ఎప్పుడైనా అడగాలి, పునీతులు కేసుల విషయంలో ఇంత బిగువుగా ఎందుకుంటారని.

ఇక నా పద్ధతిలోకి దిగాను. అనుమానితుల్లో మొదటి పేరు మా అత్తగారు. కారణం స్పష్టం: ఆవిడకు చిన్న టీవీ, నాకు పెద్ద టీవీ. అసూయ అనే విషసర్పం పడగ విప్పింది. సాక్ష్యం కూడా దొరికింది. ఆదివారం ఆట అయ్యాక వంటింట్లోకి వెళితే బల్ల మీద రెండు కాఫీ కప్పులు.

"రెండోది ఎవరిది అత్తమ్మా?" అన్నాను కళ్ళు చికిలించి.

"నాదే. ఒక కప్పుతో ఒక కన్ను తెరుచుకుంటుంది. నాకు రెండు కళ్ళున్నాయి."

"రెండో కప్పు అంచుకు మీసం తడి ఉంది."

"ఈ వయసులో నాకూ వచ్చింది అల్లుడూ. నువ్వు అది కూడా కనిపెట్టేశావా," అని కప్పు లాక్కుని కడిగేసింది.

నేరస్థులు ఎప్పుడూ ముందు సాక్ష్యాన్ని కడుగుతారు. నా బుర్రలో చిత్రం పూర్తయింది. తిహొమిర్ గాలి పీల్చుకోవడానికి బయటికి పోవడం లేదు. పెరటి వైపు నుంచి తిరిగి వంటింట్లోకి వస్తున్నాడు. మా అత్తగారు అతనికి కాఫీ పోసి, నా మీద విషం నూరిపోస్తోంది.

మరుసటి ఆదివారం ఆట మొదలవగానే తిహొమిర్ మామూలుగా లేచి వెళ్ళాడు. నేను దోబ్రిలాకు సైగ చేశాను. ఆ సైగకు అర్థం ఏమిటో ఆమెకు తెలియలేదు, నాకూ పూర్తిగా తెలియదు. పిల్లి అడుగులతో నడవా గుండా వెళ్ళి, వంటింటిని ఆనుకుని ఉన్న సామాన్ల గదిలోకి దూరాను. అక్కడ చలికాలానికి ఊరవేసిన క్యాబేజీ పీపా ఉంది. దాని పక్కన నక్కితే తలుపు సందు కనిపించడం లేదు. అందుకే ఒక కాలు పీపా మూత మీద పెట్టి పైకి లేచాను.

ఊహించినట్టే ఉంది. తిహొమిర్ బల్ల దగ్గర కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతున్నాడు. ఎదురుగా చిన్న టీవీలో ఏదో సీరియల్. మా అత్తగారు పొయ్యికీ సింకుకూ మధ్య తిరుగుతోంది.

"ఆ అబ్బాయి అబద్ధాలాడుతున్నాడు, మొహం చూడు," అన్నాడు తిహొమిర్.

"చూశా, వంకాయలా నల్లబడింది. అది సరే, మా అల్లుడికి ఎప్పుడు చెబుతావు? నేను ఎంతకాలం దాచను?"

"ఒట్టేశావు మిలుంకా అమ్మా."

"ఒట్టు గట్టిదే. నా నోరే మెత్తది."

తిహొమిర్ గింజలు ఏరడం ఆపాడు. "నికోలా పండగ కానీ. ఆ తర్వాత నేనే చెబుతా. పసిదాన్ని నేను ఎత్తుకోలేను, ఇంకెవర్నైనా చూసుకోమని చెబుతా."

నా గుండె జారిపోయింది. ఇది టీవీ గొడవ కాదు. మా రెండు ఇళ్ళ మధ్య తాతల నాటి నుంచి వస్తున్న బంధం ఇక్కడ, చిక్కుడు గింజల మధ్య, తెగిపోతోంది. గుండెతో పాటు కాలు కూడా జారింది. మూత పక్కకు తిరిగి, మోకాలి దాకా క్యాబేజీలోకి దిగిపోయాను.

చప్పుడు కాకుండా కాలు ఎలా లాక్కున్నానో నాకే తెలియదు. చెప్పులో ఉప్పునీళ్ళతో, కాలికి ఒక ఆకు చుట్టుకుని, దోబ్రిలాకు ఈ దుర్వార్త చెప్పాలని హాల్లోకి పరుగెత్తాను. ఆమె ఆ పూటే చెక్క నేల తుడిచి మైనం రుద్దింది. మైనం మీద క్యాబేజీ నీళ్ళు పడితే డేగ అయినా నిలబడదు. ఒక చుట్టు తిరిగి, వెనక్కి జారి, దేనిమీదో మెత్తగా కూలబడ్డాను.

"లే," అంది దోబ్రిలా సోఫాలోంచి, మొహం పాలిపోయి. "లే వుకాషిన్. అది కూమ్ కుర్చీ."

లేవబోతూ తెర వైపు చూశాను. లేవలేకపోయాను.

"టీవీకి ఏం చేశావు?" అన్నాను.

"నేనేం చేశాను? ఆట నడుస్తోంది."

"ఆటగాళ్ళేరి? అంతా సున్నం కొట్టినట్టుంది. పాలిపోయిన దెయ్యాలు పరుగెడుతున్నాయి. ఎర్ర చొక్కాలేవి, తెల్ల చొక్కాలేవి?"

"నాకు బాగానే కనిపిస్తోందే. క్యాబేజీ తలకెక్కిందా?"

అప్పటికి అలికిడి విని తిహొమిర్, మా అత్తగారు తలుపు దగ్గరికి వచ్చేశారు. తన కుర్చీలో నన్ను చూసినా తిహొమిర్ కోప్పడలేదు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"ఇంకోసారి చెప్పు కూమ్," అన్నాడు. "నీకూ దెయ్యాల్లాగే కనిపిస్తున్నారా?"

"దెయ్యాలే."

"గడ్డి?"

"బూడిద."

అతను మెల్లగా వచ్చి, టీవీకి ఎదురుగా ఉన్న సోఫాలో దోబ్రిలా పక్కన, జీవితంలో మొదటిసారి కూర్చున్నాడు. తెరను సూటిగా చూశాడు. చాలాసేపు చూశాడు.

"పచ్చగా ఉంది," అన్నాడు. ఆ తర్వాత మీసం వణికింది. "నా కళ్ళు పోయాయనుకున్నా. జీవితమంతా బస్సు నడిపిన కళ్ళు. మీకందరికీ కనిపించేది నాకు కనిపించకపోతే ఇంకేమనుకోను? వంటింట్లో బాగానే కనిపిస్తోంది, దగ్గర కదా, దూరపు చూపు పోయిందనుకున్నా."

"డాక్టర్ దగ్గరికి వెళ్ళలేకపోయావా?" అన్నాను.

"వెళితే అవునంటాడేమో."

"మరి పసిదాన్ని..."

"గుడ్డివాడు పసిదాన్ని ఎలా ఎత్తుకుంటాడు? దాని తరఫున సైతానును వదిలేశానని ఫాదర్ పడమటికి తిరిగి చెప్పమంటే, తూర్పుకు తిరిగి చెబితే? నీ మనవరాలికి బదులు ఆమె తువ్వాళ్ళను నీళ్ళలో ముంచితే?"

"దెయ్యాలు కనిపిస్తున్నాయని ఒక్క మాట అనలేకపోయావా?"

"మీరు ఇచ్చిన కుర్చీ అది," అన్నాడు సిగ్గుగా. "అక్కడ కూర్చుని వంకలు పెడతారా?"

పాత టీవీ ఎటు నుంచి చూసినా ఒకేలా, చెడ్డగానే ఉండేది. ఇది ఎదురుగా కూర్చున్నవాడికే బాగుంటుంది. గౌరవం ఇస్తున్నామని అతన్ని ఆ మూల కూర్చోబెట్టాం. అక్కడి నుంచి ఏం కనిపిస్తుందో మా ఇంటిల్లిపాదిలో ఒక్కరూ కూర్చుని చూడలేదు, గౌరవం అడ్డొచ్చి.

"దుకాణంలో లేచి నడవమన్నాను," అంది అత్తగారు.

"నాకు మొదటి నుంచీ అనుమానమే," అన్నాను, కాలికున్న ఆకు తీస్తూ. "అందుకే కుర్చీని స్వయంగా పరీక్షించాను."

"వెనక్కి జారుతూనా డిటెక్టివ్ గారూ?" అంది దోబ్రిలా.

తిహొమిర్ నవ్వాడు. నికోలా పండగ తర్వాతి ఆదివారమే పసిదాని జ్ఞానస్నానమని తనే చెప్పాడు. ఆ మాటకు సారా సీసా తెరిచాం. ఇకపై భోజనానికీ దీవెనకూ కూమ్ కుర్చీ, ఆటకు సోఫా అని తీర్మానమైంది.

అంతా అయ్యాక మా అత్తగారు పటం వైపు చూసింది. "మరి ఆయన సంగతి? ఇన్నాళ్ళూ ఆయనా అక్కడి నుంచే కదా చూస్తున్నాడు, పాపం. వంటింట్లోకి కూడా రాలేడు."

నేను శిలువ గుర్తు వేసుకున్నాను. తూర్పు గోడ వదిలి పటాన్ని మార్చడానికి లేదు.

తెల్లారి దీపం వెలిగించడానికి వెళితే పునీత నికోలా కొంచెం టీవీ వైపు తిరిగి ఉన్నాడు. చట్రం ఒక పక్క వెనకాల ఏదో దోపి ఉంది. దగ్గరికి వెళ్ళి చూశాను. సారా సీసా బిరడా. బల్ల మీద సీసాకు బిరడా లేదు. వంటింట్లో మా అత్తగారు ఎన్నడూ లేనంత శ్రద్ధగా ఉల్లిపాయలు తరుగుతోంది.

నేను దీపం వెలిగించి, ఏమీ చూడనట్టు వచ్చేశాను. కావాలని పరిష్కరించకుండా వదిలేసిన కేసు నా జీవితంలో ఇదొక్కటే. మిగతావన్నీ ఎంత కావాలనుకున్నా పరిష్కారం కానివి.