ఏనుగు పట్టని దారి

ఒక పెద్ద అడవిలో మనుషులు ఎప్పుడో వదిలేసి పోయిన రైలు పట్టాలు ఉండేవి. రైలు ఆగిపోయింది గానీ నడక ఆగలేదు. చుక్కమ్మ అనే దుప్పికి ముందుకాలు కుంటి. రాళ్లలో నడవలేదు. పట్టాల మధ్య కంకర మట్టిలో కలిసిపోయి నేల చదునుగా ఉండేది కాబట్టి, రోజూ అటే వాగుకు వెళ్లి నీళ్లు తాగి వచ్చేది. ఆమె వెనక కుందేళ్లు. ఇంతమంది తొక్కుతుంటే అక్కడ గడ్డి కూడా మొలిచేది కాదు.

ఆ దారి అడవి సభ కంట పడింది.

"ఇంత మంచి దారి ఖాళీగా పడి ఉందే," అన్నాడు ఛైర్మన్ ఎలుగుబంటి.

"ఖాళీ ఎక్కడయ్యా, మేం నడుస్తున్నాం కదా," అంది చుక్కమ్మ.

"నడవడం వేరు, నడకదారి వేరు," అన్నాడు కార్యదర్శి నక్క. "దీన్ని ఆధునికం చేస్తాం. పట్టాల మీద దున్నపోతు లాగే బండి కూడా వేస్తాం. అంతా నీకోసమే తల్లీ."

బండి అంటే ఎవరికి చేదు? చుక్కమ్మ మురిసిపోయింది.

మర్నాడు వెళ్లేసరికి దారికి అడ్డంగా ఎర్ర రిబ్బన్, దాని వెనక ముళ్లకంప.

"ప్రారంభోత్సవం కాకుండా తొక్కకూడదమ్మా," అన్నాడు నక్క. "మొదటి అడుగు ఏనుగు గారిది. ఆయనకంటే ముందు నువ్వు నడిస్తే ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"మరి బండి?"

"అది రెండో దశ."

ఏనుగు గారికి తీరిక లేదు. తర్వాత జలుబు చేసింది. అంత ముక్కుకు జలుబంటే మాటలా? అది తగ్గేసరికి మూఢం వచ్చింది. మూఢం పోయేసరికి వానలు.

చుక్కమ్మ దాహం ముహూర్తం దాకా ఆగదు కదా. పక్కనున్న రాళ్లలో పడుతూ లేస్తూ వాగుకు వెళ్లింది. కుందేళ్లు ముందు నడిచి ముళ్లు లేని చోటు చూపించాయి. అలా నడవగా నడవగా రాళ్లు పక్కకు జరిగి సన్నటి బాట పడింది.

చివరికి ఏనుగు గారు దయచేశారు. దండలు వేయించుకుని, తొండంతో రిబ్బన్ తెంపి చూస్తే, లోపల అన్నీ తుప్పలే. తొక్కే కాళ్లు లేక అవి దారంతా కమ్మేశాయి.

"దారేదయ్యా?"

"లోపల ఉందండీ," అన్నాడు నక్క.

ఏనుగు గారు ఒక్క అడుగు వేసి, తన పని అయిపోయిందని వెళ్లిపోయారు. రెండో అడుగు పేరైనా దక్కుతుందని ఎలుగుబంటీ నక్కా తోసుకుంటూ దూరి, ముళ్లలో ఇరుక్కుపోయారు.

అప్పుడే నీళ్లు తాగి వస్తున్న చుక్కమ్మ చూసింది. "ఇటు రండయ్యా. ఈ బాట ఇంకా ప్రారంభం కాలేదు, నడవొచ్చు."

బయటపడ్డ ఎలుగుబంటి ఒళ్లు దులుపుకుంటూ కిందికి చూశాడు. "కార్యదర్శీ, ఇది బాగుందే. రిబ్బన్ ఏమైనా మిగిలిందా?"

ఈ బాట కూడా పోతుందని చుక్కమ్మకు అర్థమైంది. పైకి మాత్రం నెమ్మదిగా అంది: "చూసుకోండయ్యా మరి. ఇందులో ఏనుగు గారి కాలు ఒక్కటి కూడా పట్టదు."

ఎలుగుబంటి ఆలోచనలో పడ్డాడు. ముఖ్య అతిథి పట్టని దారి, దారెలా అవుతుంది? వదిలేసి వెళ్లిపోయాడు.

చుక్కమ్మ కుందేళ్ల వైపు తిరిగింది. "ఇక నుంచి ఒకరి వెనక ఒకరే నడవండర్రా. పక్కపక్కన నడిచి వెడల్పు చేశారో, అభివృద్ధి చేసేస్తారు."

నీతి: మంచి దారి దొరికితే, దాన్ని ఏనుగు పట్టనంత సన్నగానే ఉంచుకోవాలి.