గంట కొట్టేదాకా పేషెంటు

ఆ ఆదివారం పొద్దున కోడలు వేసుకున్న ప్రణాళిక చాలా మామూలుది. ఆఖరి కేసు ఒకటి చూసుకోవాలి, తలస్నానం చేయాలి, రెండు ముద్దలు తినాలి, బస్సు పట్టుకుని పరీక్ష కేంద్రానికి వెళ్ళాలి. అది ఐసీయూ నర్సుల సర్టిఫికెట్ పరీక్ష. ఆమె రాయడం మూడోసారి. ఈసారీ తప్పితే ఐసీయూ నుంచి తీసి, ఓపీలో చీటీలిచ్చే బల్ల దగ్గర కూర్చోబెట్టక తప్పదని హెడ్ సిస్టర్ బాధపడుతూనే చెప్పింది.

ఆమెకు పని రాక కాదు. మనిషి ఎదురుగా ఉంటే చేతులు వాటంతటవే కదిలేవి. ప్రశ్న ఎదురుగా ఉంటే మాత్రం బుర్ర మొద్దుబారిపోయేది. రెండోసారి తప్పి వచ్చి, వంటింటి తలుపు వేసుకుని ఏడ్చిన రోజున అత్తగారు బయటినుంచి ఒక మాట అన్నారు.

"మనిషి ఎదురుగా ఉంటే చేస్తానంటావు. నేను మనిషిని కానా, అమ్మాయీ?"

అత్తగారు రిటైరైన టీచరు. ఏ పనైనా పద్ధతిగా చేసే మనిషి కాబట్టి రోగాన్ని కూడా పద్ధతిగానే పట్టుకున్నారు. సాయంత్రం కోడలి పుస్తకంలో లక్షణాలు చదువుకునేవారు, పొద్దున ముందుగదిలో దివాన్ మీద పడుకుని వాటిని చూపించేవారు. నియమం ఒక్కటే. కేసు మొదలయ్యాక గంట కొట్టేదాకా ఆవిడ పేషెంటే. గంటంటే కోడలు స్టీలు గ్లాసు మీద చెంచాతో చేసే చప్పుడు. కన్నతల్లికి రోజుకో జబ్బు అంటగడుతున్నారని తెలిస్తే కొడుకు ఇల్లు పీకి పందిరేస్తాడు. అందుకని అతను పాలకో కూరలకో వెళ్ళినప్పుడే ఆవిడకు జబ్బు చేసేది.

"చివరిది కాస్త కష్టంగా ఉండాలత్తయ్యా" అని కోడలు ముందురోజే అడిగింది. అత్తగారు తలూపారు.

ఆ పొద్దుటి కేసు, రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకి బీపీ పడిపోతున్న మనిషి. అత్తగారు ఒగర్చారు, వారం పేరు తప్పు చెప్పారు, హాజరుపట్టీ ఎక్కడ దాచావని కోడలి చెయ్యి పట్టుకుని నిలదీశారు. కోడలు సెలైన్ అంది, ఆక్సిజన్ అంది, కల్చర్ పరీక్షకు రక్తం తీసి యాంటీబయాటిక్ అంది. ఇంకేదో ఉంది, అది గుర్తు రావడం లేదు. అంతలో హెడ్ సిస్టర్ ఫోన్ చేసింది. దారిలో రోడ్డు తవ్వేశారట, త్వరగా బయల్దేరమంది. కోడలు ఆ కంగారులో గంట కొట్టకుండానే స్నానానికి వెళ్ళిపోయింది.

అత్తగారు అలాగే పడుకున్నారు. పరీక్ష మధ్యలో లేచిన పిల్లలను ఆవిడ ఏనాడూ క్షమించలేదు.

కొడుకు పాల ప్యాకెట్లతో వచ్చాడు. "అమ్మా, టీ తాగుతావా?"

అత్తగారు ఒక్క క్షణం తటపటాయించారు. కష్టంగా ఉండాలన్న కోడలి మాట గుర్తొచ్చింది. మొగుడికి కూడా చెప్పేసి పంపిందన్నమాట, అనుకున్నారు. కళ్ళు సగం తెరిచి చూశారు.

"ఎవరండీ మీరు?"

ప్యాకెట్టు అతని చేతిలోంచి జారి నేల మీద పగిలింది. అతను పైవాటాకు పరిగెత్తి కాంపౌండరుగారిని తీసుకొచ్చాడు. ఆయన కాంపౌండరు పని మానేసి చాలాకాలమైనా, వీధిలో ఎవరు దగ్గినా జబ్బు పేరు చెప్పడం మాత్రం మానలేదు. ఆయన్ని చూడగానే అత్తగారికి ఉన్న ఆ కాస్త అనుమానం కూడా పోయింది. బయటినుంచి పరీక్షాధికారిని కూడా పిలిపించింది, గట్టి పిల్ల.

"టీచరుగారూ, ఇవాళ ఏ వారం?"

"గురువారం. రెండో పీరియడు."

"నేనెవరినో చెప్పండి."

"వెనక బెంచీవాడివి. నిలబడు."

కాంపౌండరుగారు అప్పటికే నిలబడి ఉన్నారు. అయినా ఇంకాస్త నిటారుగా నిలబడ్డారు. "మెదడుకెక్కింది బాబూ. అంబులెన్సు పిలువు."

"మా ఆవిడ స్నానంలో ఉందండీ. ఒక్క మాట చెప్పి..."

"స్నానాలయ్యేదాకా ఆగే జబ్బు కాదిది."

అంబులెన్సు వచ్చాక కొడుకు స్నానాలగది తలుపు బాది, "వెళ్తున్నాం" అని కేకేశాడు. నీళ్ళ చప్పుడులోంచి కోడలు, "తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి" అంది.

స్ట్రెచరు మీద అత్తగారు మాస్కు పెట్టించుకుంటూ మనసులోనే ముచ్చటపడ్డారు. ఇంత ఏర్పాటు చేసుకున్న పిల్ల తప్పే ప్రసక్తే లేదు.

కోడలు తల తుడుచుకుంటూ వచ్చేసరికి దివాన్ ఖాళీగా ఉంది. నేలంతా పాలు. ఎదురింటావిడ గుమ్మంలో నిలబడి చెప్పింది. "మీ అత్తగారిని నువ్వు పనిచేసే ఆస్పత్రికే తీసుకెళ్ళారమ్మా. కన్నకొడుకునే గుర్తుపట్టలేదట."

గంట కొట్టలేదు, అంతే, అనుకుంది కోడలు. ఊపిరి పీల్చుకోబోయింది కూడా. అప్పుడే మరో ఆలోచన వచ్చి ఆ ఊపిరిని మధ్యలో ఆపేసింది. ఆ ఒగర్పు, ఆ పొంతనలేని మాటలు, తన మణికట్టు మీద ఆ పట్టు. అంత బాగా ఎవరు నటించగలరు? నిజమైన జబ్బును ఎదురుగా పెట్టుకుని తను దాన్ని ప్రశ్న అనుకుందా? ఇన్నేళ్ళ పని, ఇన్ని ప్రాణాల కాపలా, చివరికి ఇంట్లో మనిషి దగ్గర కళ్ళు మూసుకుపోయాయా?

వీధి చివర పరీక్ష కేంద్రం వైపు వెళ్ళే బస్సు ఆగి ఉంది. ఆమె దాన్ని దాటి, ఆస్పత్రి వైపు వెళ్ళే మొదటి బండి ఎక్కింది.

క్యాజువాలిటీలో మంచం పక్కన ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. ముందురోజు నుంచి డ్యూటీలో ఉన్నట్టు అతని కళ్ళే చెబుతున్నాయి. పొద్దుటినుంచి ఒగర్చి ఒగర్చి అత్తగారి నాడి నిజంగానే పెరిగింది. కోడలు తడితలతోనే మంచం దగ్గరికి వెళ్ళి నాడి పట్టుకుంది. గోరు నొక్కి చూసింది. మాట తడబడలేదు.

"ఆక్సిజన్ పెంచండి. రెండు చేతులకీ లైన్లు కావాలి. కల్చర్‌కి రక్తం తీశాకే యాంటీబయాటిక్. షుగర్ చూడండి. సెలైన్ వేగంగా ఎక్కించండి."

అత్తగారు కళ్ళు తెరవలేదు. మాస్కు లోంచి సన్నటి గొంతు మాత్రం వచ్చింది.

"లాక్టేటు. రక్తంలో లాక్టేటు చూడమనాలి. పొద్దున కూడా అదే మర్చిపోయావు."

కోడలి చెయ్యి నాడి మీదే ఆగిపోయింది. నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. తర్వాత జేబులోంచి పెన్ను తీసి సెలైన్ స్టాండు మీద టంగుమని కొట్టింది. అత్తగారు వెంటనే లేచి కూర్చుని, మాస్కు తీసేసి, పమిట సర్దుకున్నారు.

"నా కళ్ళజోడేదీ?"

కొడుకు గోడకు ఆనుకుని జారి కూర్చుండిపోయాడు. కోడలు ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు ఓపికగా విన్నాడు.

"సిస్టర్, మీ బాధ అర్థమవుతోంది. మనవాళ్ళ దగ్గరికొచ్చేసరికి మనకెవరికీ జబ్బు కనపడదు. ఆవిణ్ణి కాసేపు నేను చూస్తాను."

"నువ్వు పరీక్షకి వెళ్ళు" అంది అప్పుడే వచ్చిన హెడ్ సిస్టర్. "ఇక్కడ మేమున్నాం."

కోడలు కదల్లేదు. అత్తగారు ఆమె వైపు టీచరు చూపు చూశారు. "ఇన్ని జబ్బులు పడింది నువ్విక్కడ కూర్చోడానికా? లే."

ఆమె వెళ్ళింది. గేటు వేసేస్తున్న మనిషిని బతిమాలి లోపలికి దూరింది. తడితల వీపు మీద నీళ్ళు కారుస్తూనే ఉంది. తెర మీద ప్రశ్న వచ్చింది, అలవాటు ప్రకారం బుర్ర మొద్దుబారబోయింది. కానీ ఆ ప్రశ్నలోని మనిషి ఈసారి అత్తగారిలా పమిట కప్పుకుని దివాన్ మీద పడుకుని ఉంది. ఏం చేయాలో చేతులకు తెలిసిపోయింది. తర్వాతి ప్రశ్నలోనూ ఆవిడే. ఆ మధ్యాహ్నం ఆవిడ పడని జబ్బు లేదు.

అక్కడ డాక్టరు అత్తగారి పక్కన కుర్చీ వేసుకున్నాడు. "అమ్మా, పొద్దున ఏం జరిగిందో గుర్తుందా?"

"ఎందుకు గుర్తుండదు నాయనా? రక్తంలో ఇన్ఫెక్షన్. బీపీ బాగా పడిపోయింది. గంట కొట్టలేదని అలాగే ఉండిపోయాను. ఇప్పుడు కొట్టారు, తగ్గిపోయింది."

డాక్టరు కాగితం మీద కాసేపు రాశాడు. "మరి నిన్న ఎలా ఉంది?"

"నిన్న గుండెపోటు. మొన్న ఊపిరితిత్తుల్లో నీరు."

అతను తలకు స్కానింగ్ కూడా రాసి, ఆవిణ్ణి ఐసీయూకు మార్చాడు.

సాయంత్రం కోడలు వచ్చేసరికి అత్తగారు ఐసీయూ మంచం మీద, ఒంటినిండా తీగలతో, ఆస్పత్రి గౌనులో కూర్చుని ఉన్నారు. స్టూలు మీద కొడుకు ఉన్నాడు.

"ఏమైంది?" అన్నారు అత్తగారు.

"పాసయ్యానత్తయ్యా."

అత్తగారు కోడలి చెయ్యి దగ్గరకు లాక్కుని కళ్ళకద్దుకున్నారు. తెర మీద అంకెలు గబగబా పైకెక్కాయి, మిషను గోలపెట్టింది, కుర్ర డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. తడిసిన ముసలి కళ్ళను చూశాడు, మిషన్ను చూశాడు, కోడలి వైపు తిరిగాడు.

"నేను చెప్పలేదా సిస్టర్?"

కోడలి ఫలితం ఆ పూటే వచ్చింది. ఏ జబ్బూ లేదన్న అత్తగారి ఫలితం మాత్రం మర్నాడు పెద్ద డాక్టరు రౌండ్లకు వచ్చాక గానీ తేలలేదు.