అనుమతి లేనిదే అడుగు పడని బడి

అడవి చాలా పెద్దదే గానీ, అందులో చెప్పుకోదగ్గ బడి ఒక్కటే ఉండేది. వాగు ఒడ్డున, నేరేడు చెట్ల కింద. అడవిలో బతకడానికి ఏం కావాలో అదే అక్కడ చెప్పేవారు. చెట్టెక్కడం, గొయ్యి తవ్వడం, ఈదడం, పులి వాసన తగలగానే కాళ్లకు బుద్ధి చెప్పడం.

చాలాకాలం ఆ బడికి ఏనుగమ్మగారు హెడ్మాస్టరు. ఆవిడ పొద్దున్నే బడంతా ఓసారి తిరిగి, ఎదురుపడ్డ ప్రతివాళ్లనూ "ఏం నాయనా, ఎలా సాగుతోంది?" అని పలకరించి, వెళ్లి వాగులో నీళ్లు చల్లుకునేది. తక్కినదంతా ఎవరి పని వాళ్లు చూసుకునేవారు. బడి సంతలా ఉండేది. చదువు మాత్రం వచ్చేది.

ఆవిడ రిటైరయ్యాక ఉడుము పట్టాభిగారు వచ్చారు. ఆ గోల వినగానే ఆయనకు ఒళ్లు మండింది.

పట్టాభిగారికి ఒక కోరిక ఉంది. అడవి మొత్తానికి విద్యాధికారిగా ఉన్న ఎలుగుబంటి భల్లూకమ్మగారు వానాకాలం వెళ్లగానే దిగిపోతున్నారు. ఆవిడ ఎవరి పేరు చెబితే వారికే ఆ కుర్చీ. దిగిపోయేలోపు ఆవిడ ఈ బడి చూడటానికి వస్తారు. ఆ రోజున బడి అద్దంలా కనిపిస్తే కుర్చీ తనదేనని ఆయన నమ్మకం.

అందుకే వచ్చిన రోజే మేష్టర్లందరినీ పిలిచారు. "ఇకనుంచి నా అనుమతి లేనిదే ఇక్కడ ఎవరూ అడుగు తీసి అడుగు వేయకూడదు."

చెట్టెక్కడం నేర్పే కొండముచ్చు అంజయ్య తల గోక్కున్నాడు. "అంటే... కొమ్మ మీద అడుగు కూడానా సార్?"

"ముఖ్యంగా కొమ్మ మీద."

"పోనీ, వారానికి సరిపడా ఒకేసారి అడిగేసుకోవచ్చా సార్?"

"కుదరదు. ఏ పనికి ఆ పని. వరసలో నిలబడి, నన్నే, విడివిడిగా అడగాలి."

"చిత్తం సార్," అంది కొంగ ధవళమ్మ. ఈత పాఠం ఆవిడది. కానీ ఆ రోజు నుంచి ఆవిడ నీళ్లలో కాలు పెట్టలేదు. వరసలు దిద్దే పని పెట్టుకుంది.

పట్టాభిగారు ఒక పుట్టలో ఆఫీసు పెట్టుకున్నారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దాని ముందు వరస కదులుతూనే ఉండేది. మొదట్లో మేష్టర్లు సణిగారు. కొన్నాళ్లకు అలవాటైపోయింది. అలవాటయ్యాక హాయిగానూ అనిపించింది. ఆలోచించే బాధ లేదు, తప్పు జరిగితే అనుమతి ఇచ్చినవారిది. మేష్టర్లను చూసి పిల్లలు నేర్చుకున్నారు. తాబేలు పిల్ల తల బయట పెట్టడానికి అనుమతి అడిగింది. ఒకరోజు పులి వాసన వస్తే జింకపిల్లలు పారిపోవడానికి వరస కట్టాయి. పులికి ఆకలి లేకపోబట్టి సరిపోయింది. పట్టాభిగారికి పులి సంగతి పట్టలేదు గానీ, వరస తిన్నగా ఉన్నందుకు ముచ్చటేసింది.

తవ్వకం మేష్టారు అడవిపంది వరాలు ఒకరోజు పుట్ట ముందుకొచ్చాడు. "సార్, బడి వాకిట్లో పిల్లలు తవ్వుతున్న గొయ్యి మీరు ఆపమన్నాక సగంలో ఉండిపోయింది. పూడ్చమంటారా, పూర్తి చేయమంటారా?"

"ఆలోచించి చెబుతాను," అన్నారు పట్టాభిగారు.

ఆయన ఆలోచిస్తుండగానే వానలొచ్చాయి. గొయ్యి నిండా బురద చేరింది. పైన గడ్డి మొలిచింది.

భల్లూకమ్మగారు వచ్చే రోజు వాకిట్లో మామిడాకుల తోరణం కట్టారు. కట్టినవాళ్ల మీద పట్టాభిగారికి నమ్మకం లేదు. తోరణం వంకరగా ఉందేమోనని తనే వచ్చి, తలెత్తి చూస్తూ ఒక్కో అడుగే వెనక్కి వేశారు. దబ్బున గోతిలో పడ్డారు.

ఉడుము పట్టంటే మాటలా అంటారందరూ. అది రాయి మీద, మాను మీద. బురదలో పట్టుకోవడానికి ఏముంటుంది? కాళ్లు ఎంత ఆడిస్తే అంత కిందికి దిగబడ్డారు. నడుము దాకా మునిగాక ఇక సిగ్గు వదిలేసి కేక పెట్టారు. "ఎవరక్కడ! రండి! లాగండి నన్ను!"

అందరూ వచ్చారు. వచ్చి గోతి ముందు వరసలో నిలబడ్డారు.

"సార్," అన్నాడు అందరికంటే ముందున్న అంజయ్య, "తీగ తేవడానికి అనుమతి కావాలి."

"ఇచ్చాను! పరుగెత్తు!"

"బడి ఆవరణలో పరుగు వద్దన్నారు కదా సార్."

"పరుగుకీ ఇచ్చాను!"

అంజయ్య పరుగెత్తాడు. అంతే వేగంగా తిరిగొచ్చాడు. "తీగ చెట్టు మీదుంది సార్. ఎక్కడానికి అడగడం మరిచాను."

"ఎక్కు నాయనా, ఎక్కు!"

"అలా మధ్యలో వచ్చి అడిగితే ఎలా మేష్టారూ?" అంది ధవళమ్మ. "మీ వంతు అయిపోయింది. వెనక నిలబడండి."

అంజయ్య వెళ్లి వెనక నిలబడ్డాడు. వరాలు ముందుకొచ్చి, "సార్, ఈ గోతి సంగతి ఏమైనా ఆలోచించారా?" అన్నాడు.

వీళ్లంతా కసి తీర్చుకుంటున్నారేమో అనుకున్నారు పట్టాభిగారు. ఒక్కొక్కరి మొహం చూశారు. ఎవరి మొహంలోనూ కసి లేదు. అంజయ్య వణికిపోతున్నాడు. వరాలు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. వాళ్లకు ఆయనంటే నిజంగానే జాలిగా ఉంది, కాలే కదలడం లేదు. కసైనా బాగుండేది, బతిమాలుకునేవారు. ఇన్నాళ్లూ రోజూ పొద్దున్నే కూర్చుని తనే నేర్పిన పాఠమిది. పట్టాభిగారికి జీవితంలో మొదటిసారి భయం వేసింది.

"అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాను!" అని అరిచారు. బురద గొంతు దాకా వచ్చింది.

"మొత్తంగా ఇస్తే చెల్లదు సార్, విడివిడిగానే అని మీరే అన్నారు," అంది ధవళమ్మ. చిత్తం అనకుండా ఆవిడ ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

అప్పుడు నేరేడు చెట్ల వైపు నుంచి ఒకటో తరగతి పిల్లలు వచ్చారు. వానల వల్ల ఆలస్యంగా, ఆ వారమే బడిలో చేరారు. తీగ ఉయ్యాల ఊగుతూ ఆడుకుంటున్నవాళ్లు కేకలు విని ఉయ్యాల తెంపుకుని మరీ పరుగెత్తుకొచ్చారు.

"ఒరేయ్, తాత మునిగిపోతున్నాడ్రా!" అంది ఒక ఉడుత పిల్ల.

తీగ గోతిలోకి వేశారు. "పట్టుకో తాతా!"

పట్టాభిగారు పట్టుకున్నారు. ఆ పట్టు చూడాలి! పందిపిల్లలు, కోతిపిల్లలు, కుందేలు పిల్లలు కలిసి, ఒకరి మీద ఒకరు పడుతూ, ఒకరినొకరు తిట్టుకుంటూ లాగారు. తోరణం తెగింది. ధవళమ్మ వరస చెల్లాచెదురు కాబోయి ఎలాగో నిలదొక్కుకుంది. పట్టాభిగారు గట్టు మీద వచ్చి పడ్డారు.

ఉడుత పిల్ల తన తోకతో ఆయన కళ్ల మీది బురద తుడిచింది. పట్టాభిగారు ఏడ్చేశారు. పిల్లలందరినీ దగ్గరికి తీసుకోవాలనిపించింది.

సరిగ్గా అప్పుడే భల్లూకమ్మగారు వచ్చారు.

వచ్చి గొయ్యి చూశారు, బురదలో తడిసిన పట్టాభిగారిని చూశారు, ఆ తర్వాత మేష్టర్ల వరసను చూసి అలాగే నిలబడిపోయారు. "హెడ్మాస్టరు గోతిలో పడినా ఒక్కరూ వరస తప్పలేదా! నా సర్వీసులో ఇలాంటి బడి చూడలేదయ్యా!" తర్వాత పిల్లల వైపు తిరిగారు. "ఈ మూకెవరు? ఎవరి అనుమతితో లాగారు?"

పిల్లలు తీగ వదలకుండా నవ్వుతూ ఆయన వైపే చూస్తున్నారు. 'వీళ్లే నా ప్రాణం కాపాడారు' అన్న మాట పట్టాభిగారి నాలుక చివరిదాకా వచ్చింది. కుర్చీ కూడా గుర్తొచ్చింది. నోట్లో మిగిలిన బురదతో పాటు ఆ మాటనూ మింగేశారు.

"ఈ వారమే చేరారమ్మా. ఇంకా క్రమశిక్షణ రాలేదు. త్వరలో నేర్పిస్తాను."

నేర్పించారు. కుర్చీ కూడా వచ్చింది. ఇక మీదట అడవిలో ఎక్కడ బడి పెట్టినా, పిల్లలు చేరిన రోజే వరస నేర్పాలని ఆ కుర్చీలో కూర్చుని ఆయన మొదటి ఉత్తర్వు వేశారు.

ఆయన బడి విడిచి వెళ్లే రోజు అందరూ వరసగా వచ్చి దండలు వేశారు. ఉడుత పిల్ల దగ్గరికొచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "సార్, మిమ్మల్ని తాతా అని పిలవడానికి అనుమతి ఉందా?"

పట్టాభిగారు దాని తోక వైపు చూశారు.

"నీ వంతు ఇంకా రాలేదమ్మా, వెనక్కి వెళ్లు," అంది ధవళమ్మ. ఉడుత పిల్ల బుద్ధిగా వెళ్లింది.

నీతి: గోతిలో పడదలచిన హెడ్మాస్టర్లు కొత్త పిల్లలకు క్రమశిక్షణ రాకముందే పడటం మంచిది.