ఎవరిస్తో వంతు

ఆ శనివారం పొద్దున ఎల్బియో వేసుకున్న పథకం చాలా చిన్నది. బీరువా తలుపు తీసి, లోపలున్న మూడు గంజాయి మొక్కలకూ పండుటాకులు గిల్లి, మిగిలిన ఆకుల్ని తడిగుడ్డతో తుడిచి, సాయంత్రం మిర్తా వచ్చేసరికి వాటిని కాస్త కళగా కనబడేట్టు చెయ్యాలి. బతుకంతా మాంటెవీడియో వీధుల్లో బస్సు నడిపి రిటైరైన మనిషికి ఇదీ ఒక పనేనా అనుకున్నాడు.

తలుపు తీశాక అనుకోవడం మానేశాడు. మొక్కలు మూడూ తలలు వేలాడేసి ఉన్నాయి. నిన్న పచ్చగా ఉన్న ఆకులు పసుపుకి తిరిగాయి, నిన్న పసుపుగా ఉన్నవి రాలి కింద పడ్డాయి. మొదటి కుండీలో మట్టి మీద ఓ పుట్టగొడుగు గొడుగు విప్పుకుని దర్జాగా నిలబడింది. అంత బీరువాలోనూ ఆరోగ్యంగా ఉన్నది అదొక్కటే. సన్నటి దోమలు నాలుగైదు లేచి ఎల్బియో ముక్కు చుట్టూ తిరిగాయి.

"చచ్చాయా?" అంది భార్య నెలీదా వంటింట్లోంచి.

"నీరసంగా ఉన్నాయంతే."

"నీరసం నాకయ్యా. నీ మొక్కలొచ్చిన దగ్గర్నుంచీ నా బట్టలన్నీ కుర్చీల మీదే కాపురం చేస్తున్నాయి. ఆ బీరువా పెళ్ళికి మా అమ్మ ఇచ్చింది. నువ్వు దీపం పెట్టుకుని తోట వేస్తావని ఇవ్వలేదు."

నోటితో అలా అంటుందే గాని, బీరువా ఖాళీ చేసి ఇచ్చింది కూడా నెలీదాయే. అవి ఎవరిస్తో మొక్కలు మరి.

లా తేహా పేటలో కార్నివాల్ పాటల బృందాలకి కొదవ లేదు. కానీ ఎల్బియో, దార్దో, వాల్దెమార్, ఎవరిస్తో నలుగురూ కుర్రతనం నుంచి ఒకే బృందంలో, ఒకే వరసలో నిలబడి పాడారు. గుండ్లాట క్లబ్బు వెనక గదిలో సాధన. గోడకి పాత టోపీలు వేలాడుతుండేవి. ఓ మూల రబ్బరు మొక్క ఒకటి ప్రతి ఏడూ చచ్చిపోయేది, ప్రతి ఏడూ చందాలు వేసుకుని కొత్తది కొనేవారు. దాన్ని పాడుచేస్తోందని అందరూ క్లబ్బు పిల్లిని తిట్టేవారు. ఆ మొక్క పక్కనే ఎవరిస్తో కుర్చీ. చివర్లో పాడే వీడ్కోలు పాటలో ఆఖరి మాట దగ్గర అతను గొంతు పాతాళానికి దించి పట్టుకున్నాడంటే బల్ల మీద గ్లాసులు సన్నగా మోగేవి.

పోయిన కార్నివాల్ అయిన కొద్దిరోజులకే ఎవరిస్తో పోయాడు. సమాధి దగ్గర ముగ్గురూ వీడ్కోలు పాట ఎత్తుకున్నారు గాని, ఆఖరి మాట దాకా వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగిపోయారు. తర్వాత ఎవరూ పాడలేదు. కొన్నాళ్ళకి ఎవరిస్తో భార్య మిర్తా ఒక అగ్గిపెట్టె తెచ్చి ఎల్బియో చేతిలో పెట్టింది. అందులో ఎవరిస్తో తన పెరట్లో పెంచిన మొక్క గింజలు. "ఎల్బియోకివ్వు, ఆ ముగ్గురిలో ఓపికున్నవాడు వాడొక్కడే అన్నాడు" అని చెప్పింది.

ఆగస్టులో జ్ఞాపకాల రాత్రి వస్తుంది. దేశం దేశమంతా పాత పాటలు పెట్టుకుని తెల్లార్లూ నాట్యమాడే పండుగ అది. ఆ రాత్రి ముగ్గురూ కూర్చుని, ఎవరిస్తో మొక్క పొగ నాలుగు దమ్ములు లాగి, వీడ్కోలు పాట ఆఖరి దాకా పాడాలని ఒట్టు వేసుకున్నారు. ఎల్బియోకి పెరడు లేదు, పైగా ఆ దేశంలో ఆగస్టంటే చలికాలం. పేరు రాయించుకుంటే ఇంట్లో పెంచుకోవడానికి అక్కడ చట్టం ఒప్పుకుంటుంది. పోస్టాఫీసుకి వెళ్ళి మొక్కలు పెంచుతానని పేరు రాయించుకుని, బీరువాలో దీపమూ ఫ్యానూ బిగించి మొదలుపెట్టాడు. పుట్టి బుద్ధెరిగి తులసాకంత మొక్క కూడా పెంచి ఎరగడు. మిర్తా ఫోను చేసినప్పుడల్లా మటుకు "దున్నపోతుల్లా ఉన్నాయి వదినా" అని చెబుతూ వచ్చాడు. ఆ దున్నపోతుల్ని చూడ్డానికే ఆవిడ ఇవాళ నాలుగింటికి వస్తోంది.

పండుటాకులు గిల్లాక ఎల్బియో అలవాటు ప్రకారం బీరువా ఎదురుగా కుర్చీ లాక్కుని, ఫ్లాస్కు పక్కన పెట్టుకుని మాతే కలుపుకున్నాడు. సొరకాయ బుర్రలో చేదాకు నింపి, వేణ్ణీళ్ళు పోసి, లోహపు గొట్టంతో పీల్చడం. ఒకే బుర్ర అందరికీ వంతులవారీగా తిరుగుతుంది. ఇక చాలనుకున్నవాడు బుర్ర తిరిగిస్తూ "థాంక్స్" అంటాడు, వాడి వంతు అక్కడితో ఆఖరు. ఎవరిస్తో మాత్రం ఏనాడూ థాంక్స్ అనలేదు. ఎన్ని వంతులొచ్చినా పుచ్చుకునేవాడు. మాతే తాగడంలో వాణ్ణి మించినవాడు లేడని మిగతా ముగ్గురూ ఊరంతా చెప్పుకునేవారు.

అందుకే ఎల్బియో రోజూ మొదటి వంతు తాను తాగి, రెండోది ఎవరిస్తోకని మొదటి కుండీలో ఒంపేవాడు. ఈ సంగతి నెలీదాకి కూడా చెప్పలేదు. చెబితే నవ్వుతుందని భయం. బుర్రెడు మాతేకి మొక్కకి వచ్చే నష్టమేముంది? వచ్చిన జబ్బు ఇంకేదో అయ్యుంటుందని నిర్ణయించుకుని మిత్రులిద్దరికీ ఫోన్ చేశాడు.

ముందు దార్దో వచ్చాడు. కరెంటు శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ మధ్యాహ్నం దీపం ఎలా ఉందో చూస్తానని వచ్చి గంటసేపు తలుపేసుకుని కూర్చుంటాడు.

"వెలుతురు చాల్లేదురా. ఈ దీపం పీకేసి వీధిలైటుది పెడతాను."

"బీరువా అంటుకుంటుంది."

"అంటుకుంటే వెలుతురు ఇంకా బాగుంటుంది" అన్నాడు వాల్దెమార్, అప్పుడే లోపలికి వస్తూ. అతను మందుల షాపులో జీవితమంతా నిలబడ్డవాడు. సాయంత్రాలు గాలి తగులుతోందో లేదో చూసే పూచీ అతనిది. కళ్ళద్దాలు పైకి తోసి ఆకు ఒకటి వెనక్కి తిప్పి చూశాడు. "ఇది రక్తం తక్కువ. మొహం చూస్తే తెలియడం లేదూ?"

"మొక్కకి రక్తమేమిట్రా?"

"నీకు మెదడున్నట్టు."

వాళ్ళిద్దరూ అలా అరగంట వాదించుకున్నారు. చివరికి ముగ్గురూ ఒక్క విషయంలో ఏకమయ్యారు. తల వేలాడేసిందంటే దాహం వేస్తోందనే కదా అర్థం.

"మట్టి తడిగానే ఉందిరా" అన్నాడు వాల్దెమార్ కుండీలో వేలు పెట్టి. అన్నవాడు ఎందుకో టక్కున నోరు మూసుకుని పైకప్పు వైపు చూశాడు.

"పైపైన తడి అది" అన్నాడు దార్దో తొందరగా.

"అవునవును, పైపైనే" అన్నాడు ఎల్బియో ఇంకా తొందరగా.

ముగ్గురూ కలిసి బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి మూడు కుండీలకీ సమానంగా పోసి, తలుపు మూసి, ఓ మంచిపని చేసిన తృప్తితో కూర్చున్నారు.

పావుగంట కూడా కాలేదు, తలుపు దబదబా కొట్టారు. కింది అంతస్తు ఓల్గా. చేతిలో తెల్ల గిన్నె, గిన్నెలో గోధుమరంగు నీళ్ళు.

"ఎల్బియో గారూ, మీ మరుగుదొడ్డి నా భోజనాల బల్ల మీద కారుతోంది."

"మా మరుగుదొడ్డా?"

"మరి ఈ రంగు నీళ్ళు ఇంకెక్కడ్నించి వస్తాయండీ? లేసు గుడ్డ మీద పడింది. మా అక్క అల్లింది."

బీరువా నిలబడ్డ చోటికీ, ఓల్గా బల్లకీ మధ్య ఒక్క చెక్క నేలే అడ్డం. ఆ సంగతి ఎల్బియోకి తట్టి ఉంటే కథ అక్కడే ముగిసేది. కానీ గోడ అవతలే స్నానాల గది ఉంది, అందులో గొట్టాలు ముసలివని నెలీదా ఏళ్ళ తరబడి నస పెడుతోంది. ఎల్బియోకి వెంటనే అపరాధభావం పుట్టుకొచ్చింది. ఓల్గా అప్పటికే ప్లంబర్ని పిలిచేసింది.

ప్లంబరు లావుపాటి మనిషి. గిన్నెలోకి చూసి "పాత గొట్టం. నూటికి నూరు పాళ్ళు" అన్నాడు. గిన్నెని వాసన చూడమని ఓల్గా అంటే, ఇలాంటివి ఎన్నో చూశాననీ, వాసన చూసే వయసు దాటిపోయిందనీ చెప్పాడు. తర్వాత భవనం మొత్తానికి నీళ్ళు కట్టేసి, స్నానాల గదిలో నెలీదా ముచ్చటపడి వేయించుకున్న నీలం పలకల్ని సుత్తితో పగలగొట్టడం మొదలుపెట్టాడు. నెలీదా గుమ్మంలో నిలబడి ప్రతి దెబ్బకీ ఒకసారి ఎల్బియో వైపు చూసింది.

నీళ్ళు కట్టెయ్యడం అంత తేలిగ్గా పోయే విషయం కాదు. శనివారం మధ్యాహ్నం, భవనంలో ఏ ఇంట్లోనూ ఫ్లాస్కు నిండని పరిస్థితి. ఇంట్లో దీపం లేకపోయినా ఓర్చుకుంటారు గాని మాతే లేకపోతే ఆ దేశంలో ఎవరూ ఓర్చుకోరు. పై అంతస్తుల వాళ్ళూ, కింది అంతస్తుల వాళ్ళూ ఖాళీ ఫ్లాస్కులు చంకలో పెట్టుకుని ఎల్బియో హాల్లో పోగయ్యారు.

"ఇంకెంతసేపండీ?"

"గొట్టం దొరకాలిగా" అన్నాడు ప్లంబరు గోతిలోకి వంగి. జానెడు లోతు తవ్వాడు. గొట్టం దొరికింది. దానికి చెమట కూడా పట్టలేదు. "ఇది కాదన్నమాట. దీని కింద ఇంకోటి ఉండాలి" అని మళ్ళీ సుత్తి ఎత్తాడు.

ఇంతలో జనంలో ఎవరో చోటు లేక బీరువాకి ఆనుకున్నారు. తలుపు తెరుచుకుంది. దీపం వెలుగులో మూడు రోగిష్టి మొక్కలూ, ఒక పుట్టగొడుగూ బయటపడ్డాయి. కుండీల కింది పళ్ళేలు పొంగి గోధుమరంగు నీళ్ళు బీరువా వెనక నుంచి నేల సందుల్లోకి తాపీగా ఇంకుతున్నాయి.

ఓల్గా ఆ నీళ్ళు చూసింది. తన గిన్నె చూసుకుంది. గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇది మాతే" అంది.

స్నానాల గదిలో ప్లంబరు సుత్తి ఇంకా మోగుతూనే ఉంది.

"ఒక్క బుర్రేనండీ" అన్నాడు ఎల్బియో నేల చూస్తూ. "రోజుకి ఒక్కటే. ఎవరిస్తో వంతు. వాడు లేకుండా నేనొక్కణ్ణే తాగడం బాగోలేదు."

"నువ్వూనా?" అన్నాడు దార్దో. మొహం ఎర్రబడింది. "నేను దీపం చూడ్డానికొచ్చినప్పుడల్లా వాడికి రెండు పోస్తున్నాను. వాడెప్పుడూ ఒకటితో ఆగేవాడు కాదు కదరా."

వాల్దెమార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. "నేను ఫ్లాస్కు అయిపోయేదాకా" అన్నాడు. "వాడు ఏనాడూ చాలనలేదు."

ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ఎల్బియోకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఎవరిస్తో ఇచ్చిన ఆఖరి గింజల్ని ముగ్గురూ కలిసి ప్రేమగా, వంతులవారీగా ముంచి చంపారు. తనకి ఓపిక ఉందని నమ్మి ఇచ్చాడు వాడు.

సరిగ్గా అప్పుడే మిర్తా వచ్చింది. గుమ్మంలో జనం, హాల్లో ఖాళీ ఫ్లాస్కులు, స్నానాల గదిలో గోతిలోకి తల దూర్చిన మనిషి, బీరువాలో దున్నపోతులు. ఆవిడ చేతిసంచీ కింద పెట్టి అన్నీ నెమ్మదిగా చూసింది.

"వదినా, తప్పయిపోయింది" అని ఎల్బియో జరిగిందంతా చెప్పాడు. అబద్ధాలు కూడా ఒప్పుకున్నాడు. "వాడికి మాతే అంటే ప్రాణం కదా అని..."

మిర్తా కుర్చీలో కూలబడింది. ఏడుస్తోందనుకుని నెలీదా మంచినీళ్ళ కోసం పరిగెత్తి, నీళ్ళు లేవని గుర్తొచ్చి ఆగింది. కానీ మిర్తా నవ్వుతోంది. కళ్ళమ్మట నీళ్ళు కారేట్టు నవ్వుతోంది.

"ఆయనకి మాతే పడదయ్యా" అంది చివరికి. "ఒక్క గుక్క తాగితే రాత్రంతా కడుపులో మంట. మా ఇంట్లో ఆ బుర్రే లేదు, ఇద్దరం కాఫీయే."

"మరి మాతో..."

"థాంక్స్ అంటే మీరు నొచ్చుకుంటారని అనేవాడు కాదు. బుర్ర తీసుకుని గట్టిగా పీల్చినట్టు చప్పుడు చేసి, మీరు అటు తిరగ్గానే పక్కనున్న కుండీలో ఒంపేవాడు. ఆ క్లబ్బులో రబ్బరు మొక్క ఏటేటా ఎలా చచ్చిందనుకున్నారు?"

"పిల్లి..." అన్నాడు దార్దో బలహీనంగా.

"పాపం ఆ పిల్లిని వెళ్ళగొట్టారు కూడా. ఆ రోజు ఆయన అన్నం తినలేదు."

ఎల్బియో ఆ మూల కుర్చీని తలుచుకున్నాడు. అన్నేళ్ళ సాధనలు, అన్ని వేల వంతులు, ఒక్క గుక్కయినా తాగకుండా, ఒక్కసారైనా చాలనకుండా, తమ మధ్య కూర్చోవడం కోసమే బుర్ర పుచ్చుకున్న మనిషి. వాడి మీద ఇంత ప్రేమ ఉందని వాడున్నప్పుడు ఎల్బియోకి తెలియలేదు. ఇప్పుడు తెలిసింది, అయినా నవ్వు ఆగలేదు. వాల్దెమార్ నవ్వుతూనే ముక్కు చీదుకున్నాడు.

మిర్తా లేచి కుండీలు ఒక్కొక్కటే ఎత్తి బరువు చూసింది. రెండింటిని పక్కకి పెట్టేసింది. మూడోదాని మట్టి వేళ్ళతో పెళ్ళగించి, పసుపు ఆకుల మధ్య వేలుపెట్టి చూపించింది. లోపల గోరంత పచ్చటి చిగురు.

"ఇది బతుకుతుంది. ఏం చెయ్యాలో చెబుతాను, వింటారా?"

ముగ్గురూ చెవులు రిక్కించారు.

"ఏమీ చెయ్యకండి."

అంత కష్టమైన పని ఎవరూ ఎన్నడూ వాళ్ళకి అప్పగించలేదు. కుండీని వంటింటి కిటికీలో, నెలీదా కాపలాలో పెట్టారు. బీరువా నెలీదాకి తిరిగి దక్కింది. ఆగస్టుకి మూడు దమ్ములకు సరిపడా పువ్వొస్తే అదే పదివేలని మిర్తా చెప్పింది. ఆఖరి మాట ఎవరు పాడతారని వాల్దెమార్ అడిగాడు. అక్కడ కాసేపు ఊరుకోండి, ఆయనే పాడతాడు అంది మిర్తా.

గొట్టాలన్నీ లక్షణంగా ఉన్నాయని ప్లంబరు ఒప్పుకుని నీళ్ళు వదిలాడు. ఫ్లాస్కులు నిండాయి. నెలీదా మాతే కలిపింది, బుర్ర హాలంతా తిరిగి మిర్తా దగ్గరికి వచ్చింది. ఆవిడ ఒక్క క్షణం ఆగి, అందరి మొహాలూ చూసి, బుర్ర పుచ్చుకుంది. గట్టిగా పీల్చిన చప్పుడు వినిపించింది. తర్వాత చేతులు కడుక్కొస్తానని బుర్రతోనే స్నానాల గదిలోకి వెళ్ళింది. ఎల్బియో తల తిప్పి చూసి, మళ్ళీ ఏమీ చూడనట్టు ఇటు తిరిగాడు.

నెలీదా ముచ్చటపడ్డ నీలం పలకల్ని ప్లంబరు పగలగొట్టి తవ్విన ఆ గోతికి దొరికిన ఉపయోగం అదొక్కటే.