సముద్రం దగ్గర షిఫ్ట్ డ్యూటీ

సముద్రం పగలూ రాత్రీ నడిచే సంస్థ. అయినా అక్కడ హాజరు వేసేవాడు లేడు, గేటు పాసు అడిగేవాడు లేడు, ఒక అల వెళ్లిపోయే ముందు వెనకాల వచ్చే అలకి ఛార్జి అప్పగించే పద్ధతి అసలే లేదు. ఇంత అస్తవ్యస్తమైన సంస్థ ఇన్ని యుగాలుగా ఎలా నిలబడిందో ఉక్కు కర్మాగారంలో రిటైరైన ఏ పెద్దమనిషిని అడిగినా చెప్పలేడు. అందుకే భిలాయి వారు సముద్రాన్ని చూడ్డానికి వెళ్తారు గానీ, దాన్ని పూర్తిగా నమ్మరు.

మణిమాల మాత్రం నమ్మింది. ఆవిడ కోరిక ఒక్కటే, అదీ చిన్నదే. భర్త రాజగోపాల్ పక్కన నిలబడాలి, ఇద్దరి కాళ్లూ ఒకే అలలో తడవాలి. ఆయన బ్లాస్ట్ ఫర్నేస్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిగా చేశాడు, ఆవిడ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేసింది. పెళ్లయిన నాటి నుంచి రిటైరయ్యే దాకా భిలాయి రుఆబాంధా సెక్టార్లో ఒకే క్వార్టర్లో కాపురం ఉంటూ, వాళ్లు ఎక్కువగా కలుసుకున్నది ఆ క్వార్టర్ గేటు దగ్గరే. ఆయన స్కూటర్ లోపలికి వస్తుంటే ఆవిడ బయటికి వెళ్లేది. "పాలు కాచాను, శ్రుతికి జ్వరం తగ్గింది, గ్యాసు కట్టేశాను" అని ఆవిడ ఛార్జి ఇస్తే, "సరే" అని ఆయన పుచ్చుకునేవాడు. (ఈ పద్ధతిలోనే వాళ్లకి శ్రుతి పుట్టింది. ఎప్పుడు, ఎలా అన్నది పరిపాలనాపరమైన విషయం.)

రిటైరయ్యాక ఇద్దరూ ఒకే షిఫ్టులోకి వస్తారని ఆవిడ ఆశపడింది. ఆయన రాలేదు. ఆవిడ పోపు వేస్తుంటే వెనక నిలబడి "ఛార్జి తీసుకోనా?" అనేవాడు. సాయంత్రం కలిసి అలా నడిచి వద్దామంటే, "ఇద్దరం ఎల్తే ఇల్లెవరు చూస్తారు?" అనేవాడు, ఇల్లు ఎటైనా లేచిపోతుందేమో అన్నట్టు.

అందుకని మణిమాల కూతురు శ్రుతి చేత ఫోన్లో ఒక మోటర్ హోమ్ బుక్ చేయించింది. ఇల్లే వెంట వస్తుంది కాబట్టి ఇల్లెవరు చూస్తారన్న ప్రశ్న పుట్టదు. ఉన్న రెండు కుక్కల్నీ ఎక్కించుకుంటే, కుక్కల్నెవరు చూస్తారన్నదీ పుట్టదు. ఆవిడ తెలివైనదే. వ్యవస్థలు తనకన్నా తెలివైనవని అప్పటికి తెలియదు, అంతే.

కుక్కల సంగతి కొంచెం చెప్పాలి. బిల్లెట్ అనేది రిసాలి రోడ్డు పక్కన దొరికింది. ఇనుప దిమ్మె పేరుకి తగ్గట్టు, ఎక్కడ పడుకోబెడితే అక్కడే ఉంటుంది. స్లాగ్ అనేది క్యాంప్ 2 బస్తీ నుంచి తనంతట తనే వచ్చి చేరింది. కొలిమిలో కరిగిన ఇనుము మీద తేలే చెత్త పేరు దానికి పెట్టింది రాజగోపాలే, ఆ తర్వాత దాన్నే ఎక్కువ గారాబం చేసిందీ ఆయనే.

'సాగర్ సంచార్' అనే ఆ మోటర్ హోమ్ కంపెనీ యాప్ కుక్కల్ని 'నాలుగు కాళ్ల అతిథులు' అంటుంది. అతిథులకు టీకా పత్రం కావాలి, సత్ప్రవర్తన పత్రం కావాలి, ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి ఫొటోలు కావాలి. (రాజగోపాల్ ఫొటో అడగలేదు. పక్కనుంచి ఆయన ఎలా ఉంటాడన్నది కంపెనీకి అనవసరం.) సత్ప్రవర్తన పత్రం ఎవరివ్వాలో యాప్‌లో రాయలేదు. చివరికి కాలనీ సంక్షేమ సంఘం అధ్యక్షుడు నరసింగరావు గారు, "ఈ శునకములను నేను చిరకాలముగా ఎరుగుదును, వీటిపై ఎట్టి ఫిర్యాదులూ లేవు" అని రాసి ముద్ర వేసిచ్చారు. ఆయన పిక్క మీద స్లాగ్ పంటిగాట్లు ఇంకా మానలేదు. అయితే ముద్ర వేసే అవకాశం వచ్చినప్పుడు పిక్కల గురించి ఆలోచించే మనిషి కాదాయన.

బండి రాజగోపాలే నడిపాడు. దారి పొడుగునా యాప్‌లోని ఆడగొంతు "అతిథులకు విశ్రాంతి అవసరం" అన్నప్పుడల్లా ఆపవలసి వచ్చింది, ఘాట్ రోడ్డు మలుపులో సైతం. మణిమాలకీ నడుము పట్టేసి విశ్రాంతి అవసరమైంది గానీ, ఆవిడకున్నవి రెండే కాళ్లు.

మర్నాటికి భీమిలి దాటాక ఒక బీచ్ చేరారు. (పేరు చెబితే దాని సమితి వారు నొచ్చుకుంటారు.) సరుగుడు చెట్ల సందులోంచి సముద్రం కనబడగానే మణిమాలకి ఏడుపొచ్చినంత పనైంది. చెప్పులు బండిలోనే విడిచి, చెరో కుక్కనీ పట్టుకుని ఇద్దరూ దిగారు. పది అడుగులు వేశారో లేదో బోర్డు ఎదురైంది. 'తీర సౌందర్య పరిరక్షణ సమితి. పెంపుడు శునకములకు ప్రవేశము నిషిద్ధము.' ఆ బోర్డు నీడలోనే నాలుగు కుక్కలు హాయిగా నిద్రపోతున్నాయి. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కాపలాదారు అప్పలకొండ కూర్చున్నాడు.

"మరి ఇవేటి బాబూ?" అని అడిగింది మణిమాల, ఆ నాలుగింటినీ చూపించి.

"అయ్యి ఊరకుక్కలమ్మా. ఆటికి రూలు నేదు. తెచ్చిన కుక్కలకే రూలు."

"అదేం న్యాయం?"

"తెచ్చినోలికి సెప్తే ఇంటారు. ఆటికి ఎవులు సెప్తారమ్మా?"

చట్టం ఎవరి కోసం పుట్టిందో ఇంత తక్కువ మాటల్లో ఏ న్యాయమూర్తీ చెప్పి ఉండడు. సరే, కుక్కల్ని బండిలో ఉంచి వద్దామని వెనక్కి తిరిగారు. తలుపు మూయబోతుండగా ఆడగొంతు మళ్లీ పలికింది. అతిథులను పెద్దల తోడు లేకుండా వాహనంలో విడువరాదట. విడిచినచో లోపలి కెమెరా కంపెనీకి విన్నవించుకుంటుందట.

మణిమాల మొహం వాడిపోయింది. రాజగోపాల్ మొహం మాత్రం వెలిగిపోయింది. రిటైరైన నాటి నుంచి ఆవిడ ఆ వెలుగు చూడలేదు.

"దీనికేటి ఇంత ఆలోచన?" అన్నాడాయన. "షిఫ్టులు ఏసీద్దాం."

క్షణాల్లో కాగితం బండిలోని ఫ్రిజ్ తలుపు మీదికి ఎక్కింది. ఎ-షిఫ్టులో మణిమాల సముద్రం, ఆయన కుక్కలు. బి-షిఫ్టులో ఆయన సముద్రం, ఆవిడ కుక్కలు. సి-షిఫ్టు రాత్రి కాబట్టి సముద్రానికి సెలవు. ఒకరు రానిదే ఇంకొకరు కదలకూడదు. వచ్చినవారికి పరిస్థితి వివరించి మరీ వెళ్లాలి.

"బిల్లెట్ నీళ్లు తాగింది. స్లాగ్ పడుకుంది. తలుపు గొళ్లెం సరిగ్గా పడట్లేదు, చూసుకో" అని ఆయన అప్పగించేవాడు. ఆవిడ కూడా ఏదో ఒకటి అప్పగించాలని పట్టుబట్టేవాడు. ఆవిడ "అలలొస్తున్నాయి" అనేది. ఆయన తలూపి, ప్యాంటు మడుచుకుని వెళ్లి, షిఫ్ట్ దిగే వేళకి ఠంచనుగా తిరిగొచ్చేవాడు.

"ఎలా ఉంది?" అని ఒకసారి ఆశగా అడిగింది.

"బాగానే నడుస్తోంది" అన్నాడు.

ఎ-షిఫ్టులో మణిమాల ఒక్కతే నీళ్లలో నిలబడేది. చుట్టూ జంటలు ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకునేవారు. ఒక కొత్త పెళ్లికొడుకు ఫోన్ చేతికిచ్చి, "ఆంటీ, మా ఇద్దరికీ ఒక ఫొటో తీస్తారా" అన్నాడు. తీసింది. చక్కగా వచ్చింది కూడా. ఆవిడకి ఒళ్లు మండింది, సముద్రం మీద కాదు.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున, చివరి ఎ-షిఫ్టుకి వెళ్లబోతూ ఆవిడ రెండు కుక్కల మెడల్లోంచీ బెల్టులు తీసేసింది.

"ఏటి చేస్తున్నావ్?" అన్నాడు రాజగోపాల్.

"ఊరకుక్కల్ని చేస్తున్నాను."

"తప్పుడు డిక్లరేషన్ అవుతాది మణీ."

"ఛోడియే, వదిలేయండి" అని ఆవిడ మెట్లు దిగింది. కుక్కలు వెంట దిగాయి.

బోర్డు దగ్గర అప్పలకొండ వాటి మెడలు పరీక్షగా చూశాడు. "ఇయ్యెవులియమ్మా?"

"ఏమో బాబూ, వెనకాలే వస్తున్నాయి."

"అయితే పర్నేదు" అన్నాడు, రూలు నెరవేరినందుకు నిశ్చింతగా.

సముద్రాన్ని చూడగానే, పుట్టి బుద్ధెరిగాక పరిగెత్తని బిల్లెట్ పరిగెత్తింది. స్లాగ్ అలతో పోట్లాటకి దిగి, ఓడిపోయి, మళ్లీ దిగింది. మణిమాల గట్టిగా నవ్వింది. నవ్వుతూనే ఫోన్ చేసింది.

"కుక్కలు నా దగ్గరే ఉన్నాయి. బండికి తాళం వేసి వచ్చేయండి."

"ఇది నా డ్యూటీ కదా" అన్నాడు.

"దేన్ని కాస్తారు? లోపల ఎవరున్నారు?"

"లేరనుకో. ఛార్జి ఎవరికిచ్చి రమ్మంటావ్? నువ్వొచ్చి తీసుకో, నేను ఎల్తాను."

"నేనక్కడికొస్తే, ఇక్కడ మీ పక్కన ఎవరుంటారండీ?"

"షిఫ్టంటే అంతే కదా."

ఆయన గొంతులో దబాయింపు లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. "రిలీవర్ రాకుండా ఏనాడూ సీటు వదల్లేదు మణీ. వదిలితే ఏటవుతాదో నీకు తెల్దు."

"ఏమవుతుంది?"

"తలుపు గొళ్లెం కూడా సరిగ్గా పడట్లేదు" అన్నాడాయన. నిజంగా ఆయనకీ తెలిసినట్టు లేదు. ఆవిడ ఫోన్ పెట్టేసింది.

నీళ్లలోంచి చూస్తే సరుగుడు చెట్ల అవతల బండి కనబడుతోంది. మెట్టు మీద రాజగోపాల్ కూర్చున్నాడు. అప్పలకొండ తన కుర్చీ తెచ్చుకుని ఆయన పక్కన వేసుకున్నాడు. అతనికీ రిలీవర్ రాలేదు. ఇద్దరూ సముద్రానికి వీపు పెట్టి రోడ్డు వైపు చూస్తున్నారు, రావలసిన వాళ్లు అటునుంచే వస్తారన్నట్టు.

పెద్ద అల ఒకటి వచ్చి మణిమాల కాళ్లు తడిపింది. పక్కన స్లాగ్ వచ్చి నిలబడింది, దాని కాళ్లూ తడిశాయి. ఆ షిఫ్టులో చెప్పుకోదగ్గ సంఘటనలేవీ జరగలేదు.