భాష కలవని ఫ్లాటులో నా వైభోగం

పరాయి దేశంలో ఉంటున్న తెలుగువాళ్లందరూ తక్షణం మనవాళ్ల ఇళ్లు ఖాళీ చేసి, ముక్కూ మొహం తెలియని, మాట బొత్తిగా అర్థంకాని విదేశీయులతో ఫ్లాటు పంచుకోవాలి! ఇది సలహా కాదు, డిమాండు. వీలైతే చట్టం చెయ్యాలి.

నవ్వకండి. అనుభవంతో చెబుతున్నాను.

మా ఫ్లాటులో ముగ్గురం. కళ్లద్దాల షాపులో పనిచేసే నేను, బేకరీలో రొట్టెలు కాల్చే ఆరడుగుల మనిషి, ఆస్పత్రిలో ఒక నర్సు. ముగ్గురివీ మూడు దేశాలు. మధ్యలో వంతెనలాగా కాస్త ఇంగ్లీషు ఉంది కానీ, దానిమీద ఒకేసారి ఇద్దరు నడిస్తే కూలిపోతుంది.

ఇందులో సుఖం మీకేం తెలుసు? ఇంతకుముందు మనవాళ్లతోనే ఉండేదాన్ని. స్నానానికి వెళ్తే "ఇంకా ఎంతసేపే?", వంటింట్లోకి వెళ్తే "ఏం చేస్తున్నావే?", ఊరికే కూర్చుంటే "ఏమైందే?" ప్రైవసీ అన్న మాటకి సరైన తెలుగు మాట నాకు ఇంతవరకూ దొరకలేదంటే దొరకదు మరి!

ఇక్కడో? పోపు వేస్తే చాలు, పొగ అలారం మోగుతుంది. బిల్డింగంతా పైజామాలతో రోడ్డుమీదకి దిగుతుంది. ఇరుగుపొరుగుతో పరిచయానికి మీకు ఏళ్లు పట్టి ఉంటాయి. నాకు చెంచాడు ఆవాలతో అయిపోయింది! ఇప్పుడు లిఫ్టులో అందరూ నన్ను గుర్తుపడతారు. కొందరు దిగిపోతారు కూడా.

నర్సు నా షాంపూ వాడేసినప్పుడల్లా ఎదురుగానే నిలబడి, తియ్యగా నవ్వుతూ, "నీ దుంపతెగ, నీ జుట్టంతా ఊడిపోను!" అంటాను. "థ్యాంక్యూ" అంటుంది. ఇద్దరికీ మనశ్శాంతి. మనవాళ్లతో ఇంత చక్కటి స్నేహం సాధ్యమేనా?

అసలు మేలు మొన్న జరిగింది. పిన్ని ఒక సంబంధం తెచ్చింది. వద్దన్నాను. "చూస్తే తప్పేముందే?" అంది. మళ్లీ వద్దన్నాను. "వీడియోలోనే కదే!" అంది. ఆదివారం పొద్దున, తెరలో కనిపించేంతమేరకు చీరా, మిగతాది పైజామాగా తయారై లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

తెరమీద పెళ్లికొడుకు, వాళ్లమ్మ, ఒక మేనమామ. పెళ్లికొడుకు మాట్లాడలేదు. ఆ పని వాళ్లమ్మే చూసుకున్నారు.

"మావాడికి ఇంటి వంటే అలవాటమ్మా. పెళ్లయ్యాక ఉద్యోగం మానేస్తావుగా?"

అది ప్రశ్న అనుకుని జవాబు చెప్పబోయాను. "మానేస్తుందండీ!" అంది తెరమీద ఇంకో గడిలోంచి పిన్ని.

సరిగ్గా అప్పుడే డ్యూటీ దిగి, జుట్టునిండా పిండితో లోపలికి వచ్చాడు మా బేకరీ మనిషి. తెరమీద పెద్దవాళ్లు కనిపించారు. మర్యాద తెలిసినవాడు కదా! వంగి, రెండు చేతులూ జోడించి, స్పష్టమైన తెలుగులో అన్నాడు:

"ఛీ, నా ఖర్మ!"

పాపం, అతని తప్పు లేదు. రోజూ పొద్దున సింకులో గిన్నెలు చూసి నేను అనే మాట అదే. మన భాషలో శుభోదయం కాబోలు అనుకున్నాడు.

తెర చీకటైపోయింది. ఆ వెంటనే పిన్ని ఫోను.

"ఎవడే వాడు? ఎలాంటి మనుషుల మధ్య ఉంటున్నావే నువ్వు?"

ఎలాంటి మనుషులో చెబుతాను. తను ఏదో పాడుచేశానని బేకరీ మనిషికి అర్థమైంది. వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు. ఫోనులో అరుపులు విని నర్సు కూడా వచ్చింది. అతను తనకొచ్చిన ఇంగ్లీషు ముక్కలు కూడబలుక్కుని అడిగాడు.

"ఆ మనిషి... నీకు ఇష్టమా?"

తల ఊపాను. మన తల ఊపుడు అవునో కాదో వాళ్లకి తెలిసి చావదు. అందుకని నర్సు మళ్లీ అడిగింది.

"అంటే, అవునా? కాదా?"

"కాదు" అన్నాను.

"కాదు" అని ఒకరికొకరు చెప్పుకుని, సరిగ్గానే విన్నామా అన్నట్టు ఇద్దరూ నా మొహంలోకి చూశారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. అతను లేచి రొట్టె కోశాడు. నాకెందుకో ఏడుపొచ్చింది.

చూశారా, భాష రాకపోవడం ఎంత అవస్థో! ఒక్క "కాదు" కోసం ఇద్దరు మనుషులు అంత కష్టపడాల్సి వచ్చింది. మనవాళ్లకి ఆ బాధ లేదు. నిన్న పిన్ని మళ్లీ ఫోను చేసింది. ఇంకో సంబంధం ఉందిట. నేను నెమ్మదిగా, మాటకీ మాటకీ మధ్య ఆగుతూ, నిఖార్సయిన తెలుగులో చెప్పాను.

"నాకు ఇప్పుడు పెళ్లి వద్దు పిన్నీ."

పిన్ని ఫోను పక్కకి తిప్పి బాబాయికి చెప్పడం నాకు వినబడింది.

"ఒప్పుకుందండీ. కాస్త సిగ్గుపడుతోంది, అంతే."