బోల్టు కింది రంగు

ఒక సమాజం ఎంత ఎదిగిందో తెలియాలంటే దాని రోడ్లు చూడనక్కర్లేదు. కారులో పాట ఆగిపోతే దాన్ని మళ్ళీ పలికించడానికి ఎన్ని సంతకాలు కావాలో చూస్తే చాలు. మావి ఏడు. మేం బాగా ఎదిగిపోయాం.

మా నాన్నకి చెవులు దాదాపు పోయాయి. టీవీ వినపడదు, ఫోను వినపడదు, మా ఆవిడ మాట అసలే వినపడదు (ఇది నటన అని ఆవిడ అనుమానం). కారు వెనక సీటు కింద ఆంప్లిఫయరు పెట్టించాక మాత్రం పాట వినపడేది. రోజూ సాయంత్రం అరగంట కారులో కూర్చుని, తలుపు మీద అరచేత్తో తాళం వేసుకునేవారు. ఆయనకి మిగిలిన సరదా అదొక్కటే. అలాంటిది, సౌండు పెంచగానే పాట తెగిపోవడం మొదలైంది.

సర్వీసు సెంటర్లో ఎలక్ట్రీషియన్ సౌండు పెంచి మీటరు పెట్టాడు. బ్యాటరీ దగ్గర పన్నెండున్నర వోల్టులు, ఆంప్లిఫయరు దగ్గర తొమ్మిది. రెండు నిమిషాల్లో తేల్చేశాడు.

"ఎర్త్ వైరు సార్. దాని బోల్టుని కారు బాడీ రంగు మీదే బిగించేశారు, కింద ఇనుము తగలక కరెంటు సరిగ్గా అందట్లేదు. కాస్త గీకితే సరిపోద్ది."

"గీకెయ్ మరి."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "అమ్మో! రంగు బాడీ సెక్షన్‌ది సార్. నేను ముట్టుకోకూడదు."

బాడీ సెక్షన్ సూపర్‌వైజరు మర్యాదస్తుడు. కూర్చోబెట్టి మరీ చెప్పాడు. "బాగున్న రంగుని గీకడం మా లెక్కలో డ్యామేజీ అండి. డ్యామేజీ చెయ్యాలంటే ముందు పర్మిషన్ రావాలి."

అలా 'స్వచ్ఛంద గీత దరఖాస్తు' నా చేతికొచ్చింది. గీతకి కారణం: ప్రమాదం, పొరుగువారు, ఇతరం. నేను 'ఇతరం' దగ్గర టిక్కు పెట్టి, పక్కన 'మా నాన్న కోసం' అని రాశాను. బుద్ధి తక్కువ పని. గీసింది మా నాన్నే అనుకుని ఆయన్ని సంజాయిషీ అడిగారు.

పర్మిషన్‌కి పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ నాన్న పాట లేని కారులోనే అరగంట కూర్చున్నారు, చెయ్యి తలుపు మీద పెట్టుకుని. నాకు ఏడుపొచ్చింది (దరఖాస్తులో దానికి గడి లేదు).

ఇరవయ్యో రోజు బాడీ సెక్షన్ వాళ్ళు బొటనవేలంత మేర చక్కగా గీకారు. గీకిన చోటుని గంటకి మించి అలా వదలకూడదని వాళ్ళ రూలు. ఎలక్ట్రీషియన్ భోజనం చేసొచ్చేలోపు రెండు కోటింగులు రంగు వేసేశారు. అతను వచ్చి దానిమీదే బోల్టు బిగించాడు. ఎవరి పని వాళ్ళు వంక పెట్టడానికి వీల్లేకుండా చేశారు.

చివరి పరీక్ష వినియోగదారుడి సమక్షంలోనే జరగాలట. తనిఖీ అధికారి నాన్నని కారులో కూర్చోబెట్టి, సౌండు పెంచాడు. పాట తెగిపోయింది.

"వినపడుతోందా పెద్దాయనా?"

"ఆఁ?"

"పాట! వినపడుతోందా?"

"ఏం వినపడట్లేదు బాబూ," అన్నారు నాన్న, దిగులుగా.

అధికారి నాన్న చెవి వంక చూసి, ఏదో రాసుకుని, ఏడో సంతకం పెట్టాడు. ఇంటికొచ్చేసరికి ఫోనులో మెసేజీ వచ్చి ఉంది.

'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. లోపం ఉన్న భాగం: చెవి. అది మేము అమర్చినది కాదు.'